లేడీ ఎల్గిన్ మునకలో తప్పు ఎవరిది?

తీరవాసి:
చికాగోకు ఉత్తరాన విన్నెట్కా అనే ఊరుంది. ఆదివారం అక్కడి ఒడ్డున నడుస్తుంటే ఒక పాత సంగతి మళ్లీ గుర్తొచ్చింది. ఇక్కడ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు కదా, అడిగి చూద్దామని రాస్తున్నాను.

తెలియనివారి కోసం ముందు కథ. 1860 సెప్టెంబరు 7 రాత్రి లేడీ ఎల్గిన్ అనే స్టీమరు చికాగో నుంచి మిల్వాకీకి బయలుదేరింది. 1851లో బఫెలోలో కట్టిన కొయ్య ఓడ అది, రెండు పక్కలా పెద్ద తెడ్డుచక్రాలు, పొడవు 252 అడుగులు. జనంలో ఎక్కువమంది మిల్వాకీ థర్డ్ వార్డు పేటలోని ఐరిష్ కుటుంబాలవాళ్లు, విహారయాత్రకు వచ్చి ఇంటికి తిరిగి వెళుతున్నారు. కింది అంతస్తులో పశువులు కూడా ఉన్నాయి. తెల్లవారుజామున సుమారు రెండున్నరకు, గాలివానలో, కలప వేసుకుని చికాగో వైపు వస్తున్న అగస్టా అనే స్కూనర్ (తెరచాప ఓడ) స్టీమరు ఎడమ పక్కను గుద్దింది. అరగంటలోపే స్టీమరు మిషిగన్ సరస్సులో ముక్కలై మునిగిపోయింది. దాదాపు 300 మంది పోయారు, బతికినవారు వందకు లోపే. ప్రయాణికుల జాబితా కూడా ఓడతో పాటే పోవడంతో సరైన లెక్క ఎప్పటికీ తేలలేదు.

గుద్దిన అగస్టా ఆగలేదు. తిన్నగా చికాగో చేరింది. దాని కెప్టెన్ డేరియస్ మాలట్‌ను జనం తిట్టని తిట్టు లేదు, కానీ అతనికి శిక్ష పడలేదు. తెరచాప ఓడలు రాత్రిపూట దీపాలు పెట్టుకోవాలన్న చట్టమే అప్పటికి లేదని, అది 1864లో వచ్చిందని చదివాను. అలాగైతే అతన్ని తప్పుపట్టడం న్యాయమేనా? నా మట్టుకు నాకు దోషం చట్టానిదే అనిపిస్తోంది. మీరేమంటారు?

గౌతమి:
చట్టం లేకపోతే మనస్సాక్షి కూడా లేదా అండీ? నడిరాత్రి, నడి సరస్సులో ఒక ఓడను పొడిచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయిన మనిషి గురించి మాట్లాడుతున్నాం. దీపం సంగతి పక్కన పెట్టండి. రోడ్డు మీద మనిషిని గుద్ది లారీ ఆపకుండా పోయిన డ్రైవరును "హెడ్‌లైటు చట్టం అప్పటికి రాలేదు" అని ఎవరైనా వెనకేసుకొస్తారా?

ఇంకో మాట. స్టీమరు దీపాలు ఢీకొనడానికి చాలా నిమిషాల ముందే తమకు కనిపించాయని అగస్టా మనుషులే విచారణలో ఒప్పుకున్నారు. కనిపించాక చేసిందేమిటి? అలాగే వచ్చి గుద్దారు. ఇక ఇందులో చర్చించడానికి ఏం మిగిలింది?

ప్లీడరుగారబ్బాయి:
గౌతమి గారూ, కోపం న్యాయమైనదే, పోలిక మాత్రం కుదరలేదు. లారీకి బ్రేకు ఉంది, స్కూనర్‌కు లేదు. నీటి మీద మొదటి సూత్రం అక్కడే పుట్టింది: ఆవిరి ఓడ తన ఇష్టం వచ్చినట్టు తిరగగలదు, తెరచాప ఓడ గాలి చెప్పినట్టు వినాలి. కాబట్టి తప్పుకోవాల్సింది ఆవిరి ఓడే. ఇది మాలట్‌ను కాపాడడానికి అప్పటికప్పుడు పుట్టించిన వాదం కాదు.

ఈ సరస్సుల మీదే అంతకుముందు ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది. 1847లో ఒంటారియో సరస్సులో జెనసీ చీఫ్ అనే స్టీమరు, గోధుమలతో వస్తున్న క్యూబా అనే స్కూనర్‌ను ముంచేసింది. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటిదాకా ఓడల న్యాయం సముద్రపు ఆటుపోట్లు తగిలే నీళ్లకే వర్తిస్తుందనే వారు. ఆటుపోట్లు లేని సరస్సులకూ అది వర్తిస్తుందని ప్రధాన న్యాయమూర్తి టానీ ఈ కేసులోనే తేల్చాడు, అందుకే దాన్ని ఇప్పటికీ చదువుతారు. మన చర్చకు కావలసింది రెండో సగం: తప్పు స్టీమరుదేనని, ముందు చూసేందుకు తగిన కాపలా మనిషిని పెట్టలేదని కోర్టు తేల్చింది.

కాబట్టి 1860లో మాలట్ స్థానంలో ఏ స్కూనర్ కెప్టెన్ ఉన్నా "స్టీమరు తప్పుకుంటుంది, నేను నా దారిన పోవాలి" అనే అనుకుంటాడు. పైగా దారి మార్చకుండా ఉండడం అతని బాధ్యత కూడా. ఇద్దరూ ఒకేసారి తప్పుకోబోతేనే కదా ఎక్కువ ప్రమాదాలు!

గౌతమి:
అంటే నిండా జనంతో ఉన్న ఓడ మునిగినా పత్రాల ప్రకారం అంతా సవ్యమే అన్నమాట. బాగుంది.

ప్లీడరుగారబ్బాయి:
అంతా సవ్యమే అని నేను అనలేదు. తీరవాసి గారి మాటలో ఒక పొరపాటు ఉంది, అది కూడా చెప్పనివ్వండి. 1864కు ముందు తెరచాప ఓడలకు దీపాల చట్టం లేదన్నది చాలాచోట్ల కనిపించే మాటే కానీ నిజం కాదు. 1849లోనే అమెరికా కాంగ్రెసు ఉత్తరాది సరస్సుల కోసం ఒక నియమం పెట్టింది. గాలి కుడి పక్క నుంచి పడుతుంటే ఎర్రదీపం, ఎడమ పక్క నుంచి పడుతుంటే పచ్చదీపం, వెనుక గాలితో పోతున్నా లంగరు వేసి ఉన్నా తెల్లదీపం చూపాలి. 1864 చట్టం చేసిందల్లా ఈ మార్చి మార్చి పెట్టే గొడవ తీసేసి, ఇంగ్లండు పద్ధతిలో ఎడమన ఎరుపు, కుడిన పచ్చ స్థిరంగా ఉండాలని చెప్పడం.

కాబట్టి "చట్టమే లేదు" అన్న సాకు మాలట్‌కు దక్కదు. ఇందులో నేను గౌతమి గారి పక్షమే, ఆశ్చర్యపోకండి.

లాంచీరేవు:
ఆలస్యంగా చూశాను. మా తాతగారు గోదావరి మీద లాంచీ సరంగు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చాలా రాత్రులు చూశాను కాబట్టి పుస్తకాల మాట కాకుండా రెండు ముక్కలు చెప్తాను. నది వేరు, మిషిగన్ సరస్సు వేరని నాకూ తెలుసు. చీకట్లో దీపం మాత్రం ఎక్కడైనా దీపమే.

ప్లీడరు గారబ్బాయి చెప్పిన 1849 నియమాన్నే తీసుకోండి. ఆ రాత్రి గాలి ఈశాన్యం నుంచి వీచిందని కథనాలు చెబుతున్నాయి. అగస్టా దక్షిణానికి, చికాగోకు పోతోంది. అంటే గాలి వెనుక నుంచో, వెనుక పక్క నుంచో తోస్తోంది. ఆ లెక్కన అది చూపాల్సింది తెల్లదీపమే. ఎరుపూ పచ్చా లేవని అందరూ దాన్ని తిడుతున్నారు కానీ నియమం ప్రకారం ఆ సమయంలో అవి ఉండనక్కర్లేదు. తెల్లదీపమైనా వెలిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒక్క తెల్లదీపం చూస్తే ఎదుటివాడికి ఏం తెలుస్తుంది? అది వస్తోందా, పోతోందా, లంగరు మీద ఉందా, ఒడ్డున ఎవరిదైనా గుడిసెలో దీపమా? ఏదీ తెలియదు. తాతగారు ఎప్పుడూ అనేవారు, ఒక్క దీపం కనిపిస్తే నమ్మకు, రెండు కనిపిస్తే లెక్క కట్టు అని. 1849 నియమం రాసినవాళ్లు ఏ సరంగునూ అడిగినట్టు లేదు. గాలి మారినప్పుడల్లా, తుపానులో తెరచాప దించే పని వదిలేసి, ఒకడు దీపం మార్చడానికి పరిగెత్తాలట! కాబట్టి తీరవాసి గారి మొదటి మాట పూర్తిగా పోలేదు. చట్టం లేకపోవడం కాదు, ఉన్న చట్టం పనికిమాలినది కావడం తప్పు.

ఇక ఆగకుండా పోవడం. అగస్టా డెక్కు మీద కలప కూడా ఉంది. ఆ ఈదురుగాలికి ఆ బరువు ఒక పక్కకు జరిగి, ఓడ ఒరిగిపోయి చుక్కాని మాట వినడం లేదని చెప్పారు. గుద్దడంతో ముందరి కొయ్యలూ తాళ్లూ విరిగిపోయాయి. ముందు చాపలు లేని స్కూనర్‌ను ఆ గాలిలో వెనక్కి తిప్పడం దాదాపు జరగని పని. తమ ఓడే మునుగుతుందేమో అని భయపడి ఉంటారు. ఎదుట ఉన్నది తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద స్టీమరు. "మనం గీసుకుపోయాం, దానికేం కాదు" అనుకున్నానని మాలట్ చెప్పిన మాట నాకు నమ్మబుద్ధవుతుంది.

అతన్ని నేను తప్పుపట్టేది గుద్దడానికి ముందు నిమిషాల విషయంలో. స్టీమరు దీపాలు కనిపించాక మేటు, అంటే కెప్టెన్ కింది అధికారి, చూస్తూ ఊరుకున్నాడు, కెప్టెన్ చివరి నిమిషంలో అరిచాడు. పెద్దవాడే తప్పుకుంటాడులే అనే ధీమా నీళ్ల మీద పనికిరాదు. హక్కు నీదైనా దెబ్బ ఇద్దరికీ తగులుతుంది.

గౌతమి:
లాంచీరేవు గారూ, మీరు చెప్పిన పద్ధతిలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆగకుండా పోవడం గురించి నా మాట కాస్త తగ్గిస్తాను. కాస్తే.

పాతపేపరు:
అందరూ కెప్టెన్ల మీద పడ్డారు. నన్నడిగితే అసలు దోషి మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రపు గవర్నరు! ఆ ఐరిష్ వాళ్లు చికాగో ఎందుకు వెళ్లారో తెలుసా? వాళ్లు యూనియన్ గార్డ్ అనే పౌరసేన దళం, నాయకుడు గారెట్ బారీ. పారిపోయి వచ్చిన బానిసలను పట్టి ఇవ్వాలన్న కేంద్ర చట్టాన్ని విస్కాన్సిన్ ధిక్కరిస్తున్న రోజులవి. రాష్ట్రం, కేంద్రం తలపడితే మీరెటు అని గవర్నరు రాండల్ తరఫున అడిగితే బారీ కేంద్రం వైపే అన్నాడు. గవర్నరు వాళ్ల ఆయుధాలు లాక్కున్నాడు. కొత్త తుపాకులు కొనడానికి చందాల కోసం పెట్టుకున్నదే ఈ విహారయాత్ర. బారీ కూడా ఆ రాత్రే పోయాడు.

ప్లీడరుగారబ్బాయి:
పాతపేపరు గారూ, కథ బాగుంది, తర్కం బాగాలేదు. ఆ లెక్కన టికెట్లు అమ్మినవాడూ దోషే, బ్యాండు వాయించినవాడూ దోషే. పైగా బానిసత్వాన్ని ఎదిరించిన రాండల్‌ను ఈ పడవ ప్రమాదంలోకి ఎందుకు ఈడుస్తారు? ఆ గొడవ వేరే చర్చగా పెట్టండి, నేనూ వస్తాను.

పాతపేపరు:
సరే, తగ్గుతున్నాను. కానీ ఒక ప్రశ్న. స్టీమరు వైపు తప్పు ఏమీ లేదా? వాతావరణం బాగాలేదని కెప్టెన్ విల్సన్ వెనకాడాడని, జనం ఇంటికి వెళ్లాలని పట్టుబడితే బయలుదేరాడని అంటారు. జనం అడిగితే కదలడమేనా?

గౌతమి:
విల్సన్‌ను ఏమీ అనకండి. దెబ్బ తగలగానే తనకు తెలిసినవన్నీ చేశాడు. ఎడమ పక్క బరువు తగ్గించి గండిని నీటి పైకి లేపుదామని సామాను జరిపించాడు, పశువులను నీళ్లలోకి తోలించాడు. గండి ఎంత ఉందో చూడమని మేటును చిన్న పడవలో దించితే, ఆ పడవ గాలికి కొట్టుకుపోయి మళ్లీ ఓడను చేరుకోలేదు. ఓడ విరిగాక పైకప్పు ముక్కలనే తెప్పలుగా చేసుకుని జనం తెల్లవారేదాకా తేలారు. విల్సన్ అలాంటి తెప్ప మీది మనుషులను కాపాడబోయి చనిపోయాడు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది చివరి భాగం. వాళ్లలో చాలామంది నడి సరస్సులో పోలేదు. ఒడ్డు కంటికి కనిపిస్తుండగా, విన్నెట్కా దగ్గర అలల్లో పోయారు. ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు, విద్యార్థులు తాళ్లు కట్టుకుని దిగారు. ఎడ్వర్డ్ స్పెన్సర్ అనే విద్యార్థి ఒక్కడే గంటల తరబడి ఈది 17 మందిని బయటికి లాగాడు. లండన్‌లో బొమ్మల వారపత్రిక పెట్టి పేరు పొందిన హెర్బర్ట్ ఇంగ్రామ్, పార్లమెంటు సభ్యుడు కూడా, కొడుకుతో సహా పోయాడు.

లాంచీరేవు:
విల్సన్ మంచివాడే అమ్మా, కాదనను. స్టీమరు నడిపే చోట ఆ గంటలో ఎదుటి దీపాన్ని ఎవరు చూస్తున్నారు అన్నదే నా సందేహం. గాలివాన, మేడ మీద ఆటపాటలు. పాతపేపరు గారు అడిగినది న్యాయమైన ప్రశ్నే.

ఇంకొకటి గమనించండి. 1852 చట్టం ప్రకారం స్టీమర్లకు తనిఖీ అధికారులు వచ్చారు, పైలట్లకూ ఇంజనీర్లకూ లైసెన్సు తప్పనిసరి అయింది. బాయిలర్లు పేలి జనం చస్తున్నారు కాబట్టి. స్కూనర్లకు అవేవీ లేవు. అదే సరస్సు, అదే చీకటి, ఒకడికి పరీక్ష పెట్టి ఇంకొకడిని వదిలేశారు. మాలట్‌కు లైసెన్సు అడిగినవాడే లేడు.

తీరవాసి:
అందరికీ ధన్యవాదాలు. 1849 నియమం గురించి నాకు అస్సలు తెలియదు, మొదటి పోస్టులో నేను రాసినది తప్పు. దిద్దను, అలాగే ఉండనిస్తాను, లేకపోతే కింది సమాధానాలు అర్థం కావు.

ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలనుకునేవారికి రెండు సంగతులు. 1989లో హ్యారీ జిచ్ అనే గజ ఈతగాడు ఆ శిథిలాలను కనిపెట్టాడు. అవి ఎవరివి అన్న వ్యాజ్యం పదేళ్లు నడిచింది. అప్పట్లో ఓడకు బీమా పరిహారం చెల్లించిన కంపెనీ హక్కులు అతని సంస్థకే రావడంతో 1999లో ఇల్లినాయి సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని కాదని అతని వైపే తీర్పు చెప్పింది. దాని మీద ఇంకో చర్చ పెట్టొచ్చు, నాకు ఆ తీర్పు నచ్చలేదు.

రెండోది అగస్టా సంగతి. యజమానులు దానికి కర్నల్ కుక్ అని పేరు మార్చారు. మాలట్ మోజావే అనే వేరే ఓడకు మారాడు. 1864లో అది మిషిగన్ సరస్సులోనే మునిగిపోయింది. అతనూ దాంతో పాటే పోయాడు. కొత్త దీపాల చట్టం వచ్చిన సంవత్సరమే.

గౌతమి:
అది శిక్ష అని ఎవరైనా అంటారేమో, నేను అనను. ఆ ఓడలో ఉన్న మిగతావాళ్లు ఎవరినీ గుద్దలేదు కదా.