క్యాంపస్‌లో డ్రైవర్ లేని ఈ-రిక్షా: కంప్యూటర్‌గా పాత ప్లేస్టేషన్ పెట్టొచ్చా?

కేయూ క్రాస్‌రోడ్:
అందరికీ నమస్తే. మాది వరంగల్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ఫైనలియర్. పాత ఈ-రిక్షా ఒకటి తీసుకుని గేటు నుంచి హాస్టల్ దాకా డ్రైవర్ లేకుండా నడిపించడం మా ప్రాజెక్టు. వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటనివ్వం. రెండు కెమెరాలు, ముందు వైపు శబ్ద తరంగాలతో అడ్డంకులు పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్లు ఉన్నాయి. లేజర్‌తో దూరం కొలిచే లైడార్ కొనే స్తోమత లేదు. కంప్యూటర్ దగ్గర వచ్చి ఆగిపోయాం.

గైడ్ సార్ ఎన్విడియా వాళ్ల చిన్న కంప్యూటర్ బోర్డు జెట్సన్ నానో తెచ్చుకోమంటున్నారు. మా టీమ్‌లో ఒకడి ఇంట్లో డిస్క్ డ్రైవ్ పోయిన ప్లేస్టేషన్ 4 ఊరికే పడి ఉంది. ఫర్మ్‌వేర్ (లోపలి సోనీ సాఫ్ట్‌వేర్) పాతదే కాబట్టి లినక్స్ ఎక్కించొచ్చు. 8 జీబీ మెమరీ, ఎనిమిది కోర్లు, 1.84 టెరాఫ్లాప్స్ గ్రాఫిక్స్, అంటే సెకనుకు 1.84 లక్షల కోట్ల లెక్కలు. నానో దీని ముందు దేనికీ పనికిరాదని మావాడి వాదన. సార్‌కి చెబితే "ఆడుకునే డబ్బాతో బండి నడుపుతారా?" అని నవ్వి ఊరుకున్నారు. కారణం చెప్పలేదు. మీరు చెప్పండి.

పాతచిప్పు:
నవ్వాల్సిందేమీ లేదు తమ్ముడూ. 2006లో ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడు అందులో సెల్ ప్రాసెసర్ ఉండేది. సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి చేసింది. లెక్కల పని కోసం అందులో ప్రత్యేకమైన కోర్లు ఉంటాయి, లినక్స్‌లో వాటిలో ఆరు మన చేతికి దొరికేవి. గౌరవ్ ఖన్నా అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ 2007లో అమెరికాలో ఎనిమిది పీఎస్3లు కలిపి బ్లాక్‌హోల్ లెక్కలు చేశాడు. 2010లో అమెరికా వైమానిక దళం పరిశోధనశాల 1,760 పీఎస్3లు పేర్చి కాండార్ అనే సూపర్ కంప్యూటర్ కట్టింది. వాళ్లెవరూ ఆడుకోవడానికి కొనలేదు. సోనీ మొదట్లో ఆ డబ్బాను నష్టానికి అమ్మి ఆటల మీద రాబట్టుకునేది కాబట్టి, అంత లెక్కబలం అంత తక్కువ ధరకు బయట ఎక్కడా దొరకలేదు.

ఇక మీ లెక్కకొద్దాం. పీఎస్4 మెమరీ సెకనుకు 176 జీబీ ఇచ్చిపుచ్చుకోగలదు. నానోది 25.6 జీబీ. నానో గ్రాఫిక్స్ బలం 472 గిగాఫ్లాప్స్ (అర టెరాఫ్లాప్ కంటే తక్కువ) అంటారు, అది కూడా 16 బిట్ల సగం కచ్చితత్వంలో. రెండు కెమెరాల బొమ్మలు ఏకధాటిగా నమలాలంటే మెమరీ వేగమే ముఖ్యం. ఇంట్లో ఊరికే ఉన్న దాన్ని వదిలి కొత్తది కొనడమెందుకు?

హన్మకొండ రిపేర్:
నాది గేమ్ డబ్బాలు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపు. కాండార్ ఏసీ గదిలో ఉండేది అన్నా. ఈ పిల్లలది ఈ-రిక్షా సీటు కింద ఉంటుంది.

పీఎస్4తో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది, 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని. మన దగ్గర ఏప్రిల్‌లోనే 40 దాటుతుంది, మేలో చెప్పనక్కర్లేదు. రేకు టాపు కింద నిలబెట్టిన బండిలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంకొకటి. నా దగ్గరికి వచ్చే డబ్బాల్లో ఫ్యాన్ విప్పితే దుమ్ము ఒక్కటే ఉండదు. జిన్నింగ్ మిల్లుల వైపు నుంచి వచ్చినవైతే పత్తి నూగు హీట్‌సింక్ రేకుల మధ్య దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, పట్టుకారుతో లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొస్తుంది. చిప్పు మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి గోటితో గీకితే పొడి రాలుతుంది. ఇదంతా టీవీ కింద కదలకుండా కూర్చున్న డబ్బాల సంగతి. మీది స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగాలి. డిస్క్ డ్రైవ్ పోయింది అంటున్నావు, ఎందుకు పోయిందో చూశారా? కింద పడి పోయి ఉంటే బోర్డు మీద టంకాలు కూడా అనుమానమే.

ఎక్స్‌బాక్స్ 360 ఎర్ర లైట్ల గోల గుర్తుందా? వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి టంకాలు వదిలేసేవి. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీ పొడిగించడానికి వంద కోట్ల డాలర్లకు పైనే పక్కన పెట్టింది. డ్రాయింగ్ రూముల్లో వాడినందుకే అంత.

పాతచిప్పు:
రిపేరన్నా, పై మూత తీసేసి పెద్ద ఫ్యాన్ పెడితే సరిపోతుంది, దానికింత భయమెందుకు. డెమో ఉదయం ఏడింటికి పెట్టుకోమనండి.

కరెంటు సంగతి కూడా చెబుతారేమో, ముందే చెబుతున్నా. ఈ-రిక్షాలో 12 వోల్ట్ల బ్యాటరీలు నాలుగు, ఒక్కోటి 100 ఆంపియర్ అవర్ అనుకుంటే మొత్తం 4.8 యూనిట్లు. పీఎస్4 గట్టిగా పనిచేస్తే 140 వాట్లు లాగుతుందనుకోండి. గంటకు బ్యాటరీలో మూడు శాతం లోపే. పైగా దాని లోపలి పవర్ సప్లై బోర్డుకు ఇచ్చేది ముఖ్యంగా 12 వోల్ట్లే, స్టాండ్‌బై కోసం 5 వోల్ట్ల లోపు చిన్న సప్లై ఒకటి అదనం. ఇన్వర్టర్ అక్కర్లేదు, 48 నుంచి 12కి దించే మంచి కన్వర్టర్, ఆ స్టాండ్‌బైకి ఇంకో చిన్నది ఉంటే చాలు.

వెక్టర్ అక్క:
ఆ కన్వర్టర్ దగ్గరే అసలు కథ ఉంది. నేను బండ్ల ఎలక్ట్రానిక్స్‌లోనే పనిచేస్తా. మీరిద్దరూ వేగం, వేడి అంటూ కొట్టుకుంటున్నారు. నేను చూసేది వేరే.

ఈ-రిక్షా మోటారు నిలబడి ఉన్న చోటు నుంచి కదిలేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. పాత బ్యాటరీలైతే వోల్టేజీ దిగిపోతుంది. కన్వర్టర్ అర క్షణం తడబడినా డబ్బా ఆగిపోతుంది. జెట్సన్ బోర్డు అయితే మళ్లీ లేచి నేరుగా మీ ప్రోగ్రామ్ నడిపేలా పెట్టుకోవచ్చు. పీఎస్4లో లినక్స్ ఎక్కేది సోనీ వేసిన తాళంలో ఒక లొసుగు పట్టుకుని. ఆ లొసుగు పవర్ ఉన్నంతసేపే. ఆపి వేస్తే మళ్లీ సోనీ సాఫ్ట్‌వేరే లేస్తుంది, మీరు మళ్లీ మొదటి నుంచి చేత్తో ఆ తతంగమంతా చేయాలి. అంతకంటే ముందు, సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు, కంట్రోలర్‌ని కేబుల్‌తో కలిపి బటన్ నొక్కండి అని స్క్రీన్ మీద అడుగుతుంది. మీ బండికి స్క్రీన్ ఉందా? దారి మధ్యలో కంట్రోలర్ పట్టుకుని ఎవరు నిలబడతారు?

బండిలో కంప్యూటర్ ఎంత తెలివైనదన్నది నాకు రెండో ప్రశ్న. అది చచ్చిపోయిన క్షణంలో బండి ఏం చేస్తుంది? ఇది మొదటిది. 2019లో టెస్లా తన సొంత కంప్యూటర్ బోర్డు చూపించినప్పుడు అందులో ఒకే రకం చిప్పులు రెండు పెట్టింది, పవర్ సప్లై కూడా ఒకటి పోతే ఇంకోటి ఉండేలా పెట్టింది. గేమ్ డబ్బా చేసినవాళ్లకు ఆ అవసరం లేదు. ఆట మధ్యలో ఆగితే పిల్లవాడు తిట్టుకుని మళ్లీ ఆన్ చేస్తాడు.

కాబట్టి తమ్ముడూ, పీఎస్4 పెట్టు, నానో పెట్టు, నీ ఇష్టం. బ్రేకు మాత్రం దాని చేతిలో పెట్టకు. కొన్ని వందల రూపాయలకు వచ్చే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి వేరే బ్యాటరీ మీద పెట్టు. పెద్ద కంప్యూటర్ దానికి ప్రతి 50 మిల్లీసెకన్లకు "ఉన్నా" అని ఒక సిగ్నల్ పంపాలి. వరసగా కొన్ని రాకపోతే అది మోటారు కోసేసి బ్రేకు వేయాలి. గంటకు 8 కిలోమీటర్లంటే సెకనుకు 2.2 మీటర్లు. 300 మిల్లీసెకన్లు ఆలస్యమైతే బండి రెండడుగులకు పైనే ముందుకెళ్తుంది. ఆ తర్వాతే బ్రేకు మొదలవుతుంది.

బ్రేకు కూడా స్ప్రింగు బలంతో పడాలి, కరెంటుతో వదలాలి. కాజీపేట స్టేషన్‌లో రైలు బోగీల కింద చూసే పైపులది కూడా ఇదే సూత్రం. గాలి ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, పైపు తెగితే తనంతట తానే పడుతుంది.

గోదావరిఖని గని:
అక్క చెప్పింది మా బాపు విన్నా ఒప్పుకుంటాడు. ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపి రిటైరైండు. డ్రైవర్ లేని డంపర్లు వస్తున్నాయని నేను చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట "ఆపేదెవరు?" అని.

కొమాట్సు కంపెనీ 2008 నుంచే చిలీలో ఒక రాగి గనిలో డ్రైవర్ లేని ట్రక్కులు నడుపుతోంది. అక్కడ గమనించాల్సింది చిప్పు కాదు. ఆ ట్రక్కులు తిరిగే చోటికి మనుషుల్ని ఊరికే రానివ్వరు, వచ్చే ప్రతి బండి ఎక్కడుందో సిస్టమ్‌కి తెలుస్తుంది, రేడియో సిగ్నల్ పోతే ట్రక్కు నిలబడిపోతుంది. మీ కాలేజీలో హాస్టల్ పిల్లలు ఫోన్ చూసుకుంటూ రోడ్డుకు అడ్డంగా నడుస్తారు కదా. ముందు దానికి ఏం చేస్తారో రాసుకోండి.

పాతచిప్పు:
సరే, బ్రేకు వేరే పెట్టమన్నది నేనూ ఒప్పుకుంటా. కానీ ఈ "ఆట చిప్పు, బండి చిప్పు" అని గీత గీయడం నాకు నచ్చదు. ఎన్విడియా టెగ్రా ఎక్స్1 చిప్పు 2015లో వచ్చింది. అదే ఏడాది డ్రైవ్ పీఎక్స్ అనే కారు కంప్యూటర్‌లో ఆ చిప్పులు రెండు పెట్టి, డ్రైవర్ లేని కార్ల కోసమని చూపించారు. 2017లో నింటెండో స్విచ్‌లో పెట్టిందీ అదే టెగ్రా ఎక్స్1. మీ గైడ్ సార్ కొనమంటున్న జెట్సన్ నానోలో ఉన్నదీ ఆ కుటుంబమే, గ్రాఫిక్స్ కోర్లు 256 నుంచి 128కి తగ్గించి. అంటే సార్ నవ్వకుండా కొనమన్నది గేమ్ డబ్బా తమ్ముణ్నే!

వెక్టర్ అక్క:
ఇది మంచి పాయింటే, కాదనను. చిప్పుకు కులం లేదు. కానీ స్విచ్ డబ్బాను కారులో ఎవరూ పెట్టలేదు కదా, చిప్పును తీసుకెళ్లి వేరే బోర్డు మీద పెట్టారు. నానోకి 40 పిన్నులు బయటికిచ్చారు, కెమెరా తగిలించే చోటిచ్చారు, లినక్స్ వాళ్లే ఇచ్చారు. సెన్సర్లు తగిలించడానికి పీఎస్4కి యూఎస్‌బీ, ఈథర్నెట్ తప్ప పెద్దగా దారి లేదు.

తాళం ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి. పీఎస్3లో లినక్స్ ఎక్కించుకునే ఏర్పాటు సోనీయే ఇచ్చింది, సోనీయే 2010 ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్‌తో తీసేసింది. అప్‌డేట్ చేసుకోని పాత డబ్బాలుంటేనే కాండార్‌లాంటివి నడిచాయి. వచ్చే ఏడాది జూనియర్లు ఈ ప్రాజెక్టు కొనసాగించాలంటే అదే పాత ఫర్మ్‌వేర్ ఉన్న పీఎస్4 ఎక్కడ వెతుకుతారు? ఇంకా, పీఎస్4 గ్రాఫిక్స్ ఏఎండీవి. నెట్‌లో దొరికే వస్తువుల్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్‌లు ఎక్కువ భాగం ఎన్విడియా చిప్పుల మీదే నడిచే క్యూడా కోసం రాసినవి. క్యూడాకు బదులుగా ఏఎండీ ఇచ్చే రాక్‌ఎం లిస్టులో పీఎస్4 లేదు. ఏ కంపెనీ గ్రాఫిక్స్ మీదైనా నడిచే వల్కన్ దారిలో వెళ్లొచ్చు, చేసినవాళ్లున్నారు. మీకు సెమిస్టర్ మొత్తం డ్రైవర్లు కంపైల్ చేస్తూనే గడుస్తుంది.

పరకాల రోడ్డు:
చదువుకున్నవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నా. వరి కోతలప్పుడు మా రోడ్డు మీదికి ఈ బండి తెచ్చి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అంచున బండరాళ్లు వరసగా పెడతారు, సాయంత్రమైతే నల్ల కవర్లు కప్పుతారు. కొత్తగా వచ్చిన కారువాళ్లే రాత్రిపూట ఆ రాళ్లెక్కిస్తున్నారు. నల్ల కవరు నల్ల రోడ్డు మీద మీ కెమెరాకు ఏమని కనిపిస్తుంది? దీనికి ఏ డబ్బా పెట్టినా ఒకటే. ఆ ఫోటోలు మీ దగ్గర ఉండాలి కదా.

కేయూ క్రాస్‌రోడ్:
అందరికీ థాంక్స్. మాది గేటు లోపలే అన్నా, పరకాల రోడ్డు దాకా రాము. కానీ నల్ల కవర్ల మాట మా కెమెరావాడికి చెప్పాను, క్యాంపస్‌లో కాంక్రీట్ పని జరిగే చోట కూడా అలాంటివే కప్పుతున్నారట.

ప్రస్తుతానికి ఇలా అనుకున్నాం. స్టీరింగ్, మోటారు, బ్రేకు మైక్రోకంట్రోలర్ దగ్గర. పైన కంప్యూటర్ ఏదైనా మార్చుకునేలా మధ్యలో ఒకే యూఎస్‌బీ తీగ. మొదటి రివ్యూకి ల్యాప్‌టాప్‌తోనే నడిపిస్తాం. ఆ తర్వాత పీఎస్4, నానో రెండూ అదే తీగకు తగిలించి, ఒకే వీడియో ఇచ్చి సెకనుకు ఎన్ని ఫ్రేములు చూస్తాయో కొలుస్తాం. సార్ నవ్వినా అంకెలు చూపించొచ్చు. టీమ్‌లో ఇద్దరు మాత్రం పీఎస్4 దండగ అని ఇప్పటికీ గొడవ పెట్టుకుంటున్నారు.

అక్కా, ఒక డౌటు. మోటారు కదిలేటప్పుడు వోల్టేజీ ఎంత దిగుతుందో ఎలా చూడాలి? మామూలు మల్టీమీటర్‌లో ఏమీ కనిపించడం లేదు.

వెక్టర్ అక్క:
మల్టీమీటర్ అంత త్వరగా చూపించదు. ల్యాబ్‌లో వోల్టేజీని క్షణక్షణం గీతలా చూపించే ఆసిలోస్కోప్ అడిగి కన్వర్టర్ బయటికిచ్చే 12 వోల్ట్ల దగ్గర పెట్టు, 11కి దిగగానే గీత పట్టుకునేలా ట్రిగ్గర్ వేసి బండి కదిలించు. ఖాళీ బండితో కాదు, నలుగురిని ఎక్కించుకుని, గేటు దగ్గర ఎత్తు ఎక్కించి చూడు. బ్యాటరీ సగం అయిపోయాక ఇంకోసారి చూడు.

పాతచిప్పు:
ఫ్రేముల అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టు తమ్ముడూ. ఫ్రేముల్లో పీఎస్4దే పైచేయి అని నా పందెం.

హన్మకొండ రిపేర్:
పందెం సంగతి తర్వాత. ఆ పీఎస్4 ముందు నా షాపుకు తీసుకురా, పేస్ట్ మార్చి ఇస్తా. పేస్ట్ డబ్బులు ఇస్తే చాలు.