బయటి హార్డ్ డిస్కులో పాత ఫైళ్లను టెర్మినల్‌ నుంచి త్వరగా వెతకడం ఎలా?

ప్రశ్న (విజయవాడ)

మిత్రులకు నమస్కారం. ఏలూరు రోడ్డు దగ్గరి మా డీటీపీ కేంద్రంలో ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాల ఫైళ్లన్నీ 4 టెరాబైట్ల బయటి డిస్కులో ఉన్నాయి. పునర్ముద్రణ కోసం ప్రచురణకర్తలు అడిగినప్పుడు ఉబుంటు టెర్మినల్‌లో ఫైండ్ కమాండ్ ఇస్తే ఫలితానికి చాలాసేపు ఆగవలసి వస్తోంది. ఫైళ్లను పేరును బట్టి వెతికే ప్లొకేట్ అనే ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేస్తే అది కంప్యూటర్‌లోని ఫైళ్లను క్షణంలో చూపుతోంది గానీ, ఆ డిస్కులోని ఒక్క ఫైలునూ చూపడం లేదు. కారణం ఏమిటి?

జవాబు 1 (గుంటూరు)

నమస్కారమండీ. ఫైండ్ అడిగిన ప్రతిసారీ ఫోల్డర్లన్నింటిలోకీ వెళ్లి చూస్తుంది కాబట్టి ఆ ఆలస్యం సహజం. ప్లొకేట్ మాత్రం దాని తోడు కమాండ్ అయిన అప్‌డేట్‌డీబీ ముందే రాసిపెట్టిన పేర్ల జాబితాలోనే వెతుకుతుంది. ఈటీసీ ఫోల్డర్‌లోని అప్‌డేట్‌డీబీ డాట్ కాన్ఫ్ ఫైలులో ప్రూన్‌పాత్స్ అనే వరుసను చూడండి. జాబితాకు ఎక్కించకూడని చోట్లలో మీడియా ఫోల్డర్ కూడా ఉంటుంది, ఉబుంటులో బయటి డిస్కులు తగిలించగానే మౌంట్ అయ్యేది, అంటే ఫోల్డర్‌గా తెరుచుకునేది, అందులోనే.

ఆ పేరును అక్కడి నుంచి తీసేయవచ్చు గానీ నేను ఆ సలహా ఇవ్వను, ఎందుకంటే రోజువారీ అప్‌డేట్ జరిగే వేళకు డిస్కు తగిలించి లేకపోతే దానిలోని పేర్లన్నీ జాబితాలోంచి పోతాయి. డిస్కుకు విడిగా ఒక జాబితా కట్టుకోవడమే మేలు. అప్‌డేట్‌డీబీకి హైఫన్ పెద్ద యూతో డిస్కు దారినీ, హైఫన్ చిన్న ఓతో జాబితా ఫైలు పేరునూ, హైఫన్ చిన్న ఎల్‌తో సున్నానూ ఇవ్వండి. వెతికేటప్పుడు ప్లొకేట్‌కు హైఫన్ చిన్న డీతో అదే జాబితాను చూపండి. ఆ సున్నాను మరువవద్దు; అది ఉంటే ఫోల్డర్లు తెరిచే అనుమతి ఉందా అని ప్లొకేట్ సరిచూడదు, అందువల్ల డిస్కు బీరువాలో ఉన్నా ఫైలు పేరు దొరుకుతుంది.

జవాబు 2 (విజయవాడ)

పై జవాబుకు ఒక్క మాట చేరుస్తాను. ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే ‘క్విజ్‌పుస్తకం’ వంటి మాటలో పొల్లు తరువాత పక్క అక్షరంతో కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండవచ్చు. దాన్ని టైపు చేయకుండా వెతికితే ఫైలు దొరకదు. క్విజ్, పుస్తకం అని మధ్యలో ఖాళీ వదిలి రెండు మాటలుగా ఇవ్వండి. రెండూ ఉన్న పేర్లనే ప్లొకేట్ చూపుతుంది. ఇంగ్లిషు పేర్లకైతే హైఫన్ చిన్న ఐ చేరిస్తే పెద్దబడి, చిన్నబడి తేడా అడ్డురాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. విడి జాబితా కట్టాక డిస్కులోని పేర్లు వెంటనే వస్తున్నాయి. పేరు గుర్తులేనప్పుడు లోపలి వాక్యాన్ని బట్టి వెతకవచ్చా?

జవాబు 1 (గుంటూరు)

ప్లొకేట్‌కు పేర్లే తెలుసు. లోపలి పాఠాన్ని వెతకడానికి గ్రెప్ అనే కమాండ్ ఉంది గానీ, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన ఫైళ్లలో పాఠం యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు కంప్యూటర్లన్నీ వాడే అక్షర సంకేతాల్లో, ఉండదు కాబట్టి మీరు టైపు చేసే తెలుగు మాట అక్కడ సరిపోలదు. అటువంటివాటికి పుస్తకం పేరునూ, రచయిత పేరునూ ఫైలు పేరులోనే చేర్చి, జాబితాను మళ్లీ కట్టండి.