‘వండుకోగలరా’లో ఆ ‘కో’ ఉండాలా?

లెస్టర్ వదిన: ఇక్కడ బ్రిటన్‌లో వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే పిప్ భత్యానికి చూసే రోజువారీ పనుల్లో మొదటిదే వంట. మా ఆడపడుచు కోసం దాన్ని తెలుగులో ‘వండుకోగలరా’ అని రాసుకుంటుంటే ఓ సామెత నోట్లో ఆడుతోంది. ‘వండుకున్నమ్మకు ఒక్క కూర, అడుక్కున్నమ్మకు...’ ఆరా, అరవయ్యా? పిప్ వాళ్ళ ‘సింపుల్ మీల్’ కూడా అంతే: ఒక్క మనిషికి, తాజా సరుకులతో, ఒకే వంటకం.

తెనాలి మాస్టారు: ఆరే.

పాలమూరు పిల్లగాడు: అరవై. ఊరంత తిరిగితే ఆరు కూరలేనా?

తెనాలి మాస్టారు: యతికి రెండూ కుదురుతాయి గనక పంతం పట్టను. అసలు సంగతి ‘కో’. ‘వండగలరా’ అని రాస్తే పెళ్ళి వంట కూడా వస్తుంది. ‘వండుకోగలరా’ అంటేనే తన మటుకు తను. ఆ ‘కో’, అంటే ‘కొను’, వచ్చేది అందుకే.

పద్యాల పిచ్చి: అన్నివేళలా కాదు మాస్టారూ. గాలికి తలుపు మూసుకుంది. తన మేలు కోరి మూసుకుందా?

క్రాయిడన్ బాబాయ్: ‘కో’ కంటే ‘గలరు’ దగ్గరే మనవాళ్ళు మోసపోతారు. ఒకసారి ఎలాగో వండితే ‘గలరు’ అని టిక్ పెట్టేస్తారు. ప్రమాదం లేకుండా, తినదగ్గట్టుగా, అవసరమైనన్నిసార్లు, మామూలు మనిషికి పట్టే గరిష్ఠ సమయానికి రెట్టింపు మించకుండా చేయగలిగితేనే లెక్క. మైక్రోవేవ్‌లో తప్ప కుదరదంటే 2 పాయింట్లు, పక్కన మనిషి కనిపెట్టుకుని ఉండాలన్నా సాయం పట్టాలన్నా 4, అసలు వల్లకాదంటే 8. రోజువారీ పనుల భాగంలో మొత్తం 8 వస్తే స్టాండర్డ్ రేటు, 12 అయితే పెద్ద రేటు. వంట రాదు, నేర్చుకోలేదు అంటే మాత్రం చెల్లదు, కారణం జబ్బే కావాలి.

లెస్టర్ వదిన: తనకి వేళ్ళు వంగవు బాబాయ్ గారూ. తరగలేదు, గంజి వార్చలేదు.

క్రాయిడన్ బాబాయ్: అదే రాయమ్మా, తొక్క తీయడం, తరగడం కూడా చూస్తారు. కిందున్న ఓవెన్ కోసం వంగలేకపోవడం మటుకు లెక్కలోకి రాదు. వాళ్ళ నిబంధనల్లో వండడమంటే నడుము ఎత్తునో ఆపైనో పదార్థాన్ని వేడిచేయడం.

పద్యాల పిచ్చి: వేడిచేయడమే వంటా! అయితే శ్రీనాథుడి చాటువులో ‘ఉడుకు బచ్చలి శాకము’ పాసైనట్టే. చింతచిగురు పడింది కూడాను. జొన్నకూడుతో కలిపితే ఒక వంటకమా, రెండా?

తెనాలి మాస్టారు: ‘ఉడుకు’ అక్కడ ఉడికించిన అని. వేడి అని కాదు.

పాలమూరు పిల్లగాడు: మా దిక్కు ఉడుకు నీళ్ళంటే వేడి నీళ్ళే సార్.

తెనాలి మాస్టారు: పల్నాటి జొన్నకూటి మీద చెప్పిన పద్యానికి పాలమూరు నీళ్ళెందుకయ్యా?

పాలమూరు పిల్లగాడు: ఆయన రాచకొండకు వచ్చిండు గద. అక్కడ స్నానం జెయ్యలేదా?