బ్లీప్ తీసేసి ఫోన్ ఇస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

రిజిస్ట్రార్_ఉత్తరం (ఇంగ్లండ్, జనరల్ మెడిసిన్)

మా ఆసుపత్రిలో బ్లీప్‌లు తీసేసి, మెసేజింగ్ యాప్ ఉన్న ఫోన్లు ఇస్తామంటున్నారు. డాక్టర్ల అభిప్రాయం అడిగారు. నేను వద్దనే రాద్దామనుకుంటున్నాను. ఇక్కడ ఇండియా, ఇంగ్లండ్ రెండు దేశాల్లోనూ డ్యూటీ చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి ముందు మీ మాట విందామని.

బ్లీప్ అంటే పాత పేజరే. వార్డులో సిస్టర్ నా బ్లీప్ నంబరు కొట్టి, తన ఎక్స్‌టెన్షన్ కొడుతుంది. నా నడుముకున్న డబ్బా కూసి నాలుగంకెలు చూపిస్తుంది. నేను దగ్గర్లో ల్యాండ్‌లైన్ వెతుక్కుని తిరిగి చెయ్యాలి. గుండె ఆగిన కేసు అయితే దారి వేరు. ఎవరైనా 2222 కొడితే స్విచ్‌బోర్డ్ ఆపరేటర్ గొంతు టీమ్ అందరి బ్లీప్‌ల్లో ఒకేసారి వినిపిస్తుంది: అడల్ట్ కార్డియాక్ అరెస్ట్, ఫలానా వార్డు. రోజూ దీనికి టెస్ట్ కాల్ ఉంటుంది. ఎవరు పలకకపోతే వాళ్ల కోసం వెతుకులాట మొదలవుతుంది.

2019 ఫిబ్రవరిలో అప్పటి ఆరోగ్య మంత్రి మాట్ హాన్‌కాక్, ఎమర్జెన్సీకి తప్ప ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) పేజర్లు 2021 చివరికల్లా పోవాలన్నారు. అప్పటికి 1,30,000 దాకా పేజర్లు, ఏడాదికి 66 లక్షల పౌండ్ల ఖర్చు అని లెక్క చెప్పారు. గడువు ఎప్పుడో దాటింది. నా నడుముకు డబ్బా అలాగే ఉంది.

నా వాదన ఒక్కటే. బ్లీప్ డ్యూటీది, ఫోన్ మనిషిది. రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు బ్లీప్ తీసి నైట్ రిజిస్ట్రార్ (రాత్రి డ్యూటీ డాక్టర్) చేతిలో పెట్టాక నన్నెవరూ పిలవరు, పిలవలేరు. ఫోన్‌తో ఆ గీత చెరిగిపోతుంది.

మెడిసిన్_పీజీ (ఆంధ్ర, ప్రభుత్వ ఆసుపత్రి)

అన్నా, ఏమీ అనుకోకు, చదువుతుంటే నవ్వొచ్చింది. మేం పేజర్ ముఖం కూడా చూడలేదు. మాకున్నది వాట్సాప్. యూనిట్ గ్రూపు, క్యాజువాలిటీ గ్రూపు, ఐసీయూ గ్రూపు, మళ్లీ చీఫ్ లేని యూనిట్ గ్రూపు ఒకటి. రాత్రి రెండింటికి ఛాతీ నొప్పితో మనిషి వస్తాడు. ఈసీజీ ఫోటో తీసి కార్డియాలజీ సార్‌కి పెడితే, ఆయన ఇంట్లోంచే చూసి థ్రాంబోలైజ్ (రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్) చెయ్యమంటారు. నీ నాలుగంకెల డబ్బా ఈ పని చేస్తుందా? నువ్వు ల్యాండ్‌లైన్ వెతుక్కునేలోపు మా దగ్గర ఇంజెక్షన్ మొదలైపోతుంది.

ఆ మంత్రిగారి ప్రకటనలోనే ఇంకో లెక్క ఉంది, అది నువ్వు చెప్పలేదు. వెస్ట్ సఫోక్ ఆసుపత్రిలో యాప్ పెట్టి చూస్తే జూనియర్ డాక్టర్లకు షిఫ్టుకు సగటున 48 నిమిషాలు, నర్సులకు 21 నిమిషాలు మిగిలాయట.

రిజిస్ట్రార్_ఉత్తరం

ఈసీజీ మాట ఒప్పుకుంటాను, దానికి ఫోన్‌ను మించింది లేదు. 48 నిమిషాల లెక్క నాకూ తెలుసు. నిలబడి ఫోన్ కోసం చూసే టైమ్ మిగులుతుంది, నిజమే. ఆ మిగిలిన టైమ్‌లో ఇంకెన్ని మెసేజ్‌లు వచ్చిపడతాయన్నది నా ప్రశ్న. బ్లీప్ చెయ్యాలంటే సిస్టర్ ఫోన్ పక్కన నిలబడాలి. అందుకని పారాసెటమాల్ రాయించుకోవడానికి ఎవరూ బ్లీప్ చెయ్యరు, రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడుగుతారు. అదే మెసేజ్ అయితే వేలితో అయిపోయే పని.

స్టాఫ్‌నర్స్_నైట్ (హైదరాబాద్, కార్పొరేట్ ఆసుపత్రి)

డాక్టర్‌గారూ, పారాసెటమాల్‌కి ఎవరూ బ్లీప్ చెయ్యరని మీరనుకుంటున్నారు. చేస్తారు. నేను గల్ఫ్‌లో బ్లీప్ ఉన్న ఆసుపత్రిలోనే పనిచేశాను. బ్లీప్ చేసి ఫోన్ దగ్గర నిలబడితే పక్క బెడ్ మానిటర్ మోగుతుంది. అటు వెళ్లిన నిమిషంలోనే డాక్టర్ ఫోన్ చేస్తారు, ఎవరూ ఎత్తరు, "బ్లీప్ చేసి ఎక్కడికి పోతారమ్మా" అని మాకే తిట్లు. రాత్రిపూట ఇద్దరం నర్సులం ఉన్న వార్డులో ఒకరు ల్యాండ్‌లైన్‌కి కాపలా.

అలాగని ఇక్కడ ఫోన్లతో హాయిగా ఉన్నామనుకోకండి. మా ఫోన్లు డ్యూటీలో లాకర్‌లో పెట్టాలని రూలు. పేషెంట్ బీపీ పడిపోతే డ్యూటీ డాక్టర్‌కి ఫోటో మాత్రం పంపాలి. ఏ ఫోన్‌తో? లాకర్‌లోదే. సూపర్‌వైజర్ చూస్తే మెమో, పంపకపోతే ఇంకో మెమో.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ బ్లూ టిక్. మెసేజ్ పెట్టాను, సార్ చూశారు, టిక్ నీలం అయింది. ఆర్డర్ రాలేదు. నర్సెస్ నోట్స్‌లో ఏం రాయాలి? "ఇన్‌ఫార్మ్‌డ్ టు డ్యూటీ డాక్టర్" అని రాస్తే, పొద్దున్న ఆయన "నేను నిద్రలో తెరిచానేమో, చదవలేదు" అంటారు. ఎవరి మాట నిలుస్తుందో మీకు తెలుసు.

అనస్థీషియా_రిటైర్డ్

సిస్టర్ చెప్పిందే అసలు సంగతి. మా రోజుల్లో కాల్ బుక్ ఉండేది. ఎమర్జెన్సీ వస్తే వార్డ్ బాయ్ ఆ పుస్తకం పట్టుకుని డ్యూటీ రూమ్‌కో, క్వార్టర్స్‌కో సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టేవాడు. అందులో పేషెంటు పేరు, ఏమైందో ఒక లైను, సిస్టర్ పంపిన టైము ఉండేవి. పక్కన చూసిన టైము వేసి మేం సంతకం పెట్టాలి. వానలో తడిసి ఇంకు అలుక్కుపోయినా ఆ సంతకం మాత్రం కాదనలేం. నిదానం, నిజమే. సైకిల్ పంక్చరైతే దేవుడే దిక్కు. కానీ ఎవరు పిలిచారు, ఎవరు విన్నారు అనే గొడవ ఉండేది కాదు.

1995లో మన దేశంలో పేజర్లు వచ్చాయి. కొన్న డాక్టర్లు జేబుకు తగిలించుకుని గొప్పగా తిరిగారు. సెల్‌ఫోన్ అదే ఏడాది వచ్చినా, 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యేదాకా ఎత్తినా డబ్బే. ఫ్రీ అయ్యాక పేజర్‌ను ఎవరూ పట్టించుకోలేదు, కాల్ బుక్‌నూ అటకెక్కించారు. దాని స్థానంలో ఇంకో పద్ధతి పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అందరి దగ్గరా ఫోనుంది కదా అన్నారు, అంతే.

బయోమెడ్_విశాఖ

టెక్నికల్‌గా రెండు ముక్కలు. బ్లీప్‌కి ఆసుపత్రి పైన సొంత ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. ఆ సిగ్నల్ ఒకవైపే వెళ్తుంది, పవర్ ఎక్కువ, కాబట్టి బేస్‌మెంట్‌లోనూ అందుతుంది. మామూలు సెల్లు ఒకటి వేస్తే వారాలపాటు నడుస్తుంది. ఫోన్ కథ వేరు. సీటీ స్కాన్ గది గోడల్లో సీసం రేకు ఉంటుంది, అందులోకి వెళ్లగానే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా పోతాయి. లిఫ్టులోనూ అంతే. వైఫై మీద నడిచే యాప్ అయితే నెట్‌వర్క్ పడిపోయిన రోజు అందరూ ఒకేసారి మూగబోతారు. 2017 మేలో వాన్నాక్రై వైరస్ ఎన్‌హెచ్‌ఎస్‌ను పట్టుకున్నప్పుడు కొన్నిచోట్ల కంప్యూటర్లతో పాటు ఫోన్లూ పోయాయి.

పేజర్‌కి ఉన్న దోషమూ చెప్పాలి. దాని మెసేజ్‌లకు సాధారణంగా ఎన్‌క్రిప్షన్ ఉండదు. చవక రేడియో రిసీవర్ ఉన్నవాడు ఎవడైనా పేషెంటు పేరుతో సహా చదవొచ్చు.

మెడిసిన్_పీజీ

సరే, డ్యూటీది మనిషిది అన్న మాట నాకూ తగిలింది. పోస్ట్ డ్యూటీలో పడుకుంటే పాత వార్డు నుంచి ఫోన్. "సార్, 14వ బెడ్ అటెండెంట్ గొడవ చేస్తున్నాడు." నా డ్యూటీ అయిపోయి అప్పటికి నాలుగు గంటలు. నంబర్ ఉంది కాబట్టి చేశారు. ఫోన్ ఆపేద్దామంటే చీఫ్ చేస్తారేమోనని భయం.

మా దగ్గర ఒకప్పుడు డ్యూటీ ఫోన్ పెట్టారు, కీప్యాడ్‌ది, డ్యూటీలో ఉన్న పీజీ జేబులో ఉండాలి. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత రీచార్జ్ ఎవరు చేయించాలన్న దగ్గర ఆగిపోయింది. ఆఫీసు వాళ్లు డిపార్ట్‌మెంట్ అన్నారు, డిపార్ట్‌మెంట్ ఆఫీసంది. ఇప్పుడది చీఫ్ గది సొరుగులో ఉంది.

రిజిస్ట్రార్_ఉత్తరం

నువ్వు చెప్పే డ్యూటీ ఫోనే నేను కోరేది, రీచార్జ్ బాధతో సహా. పూర్తిగా వద్దని రాయను, ఇలా రాస్తాను. క్రాష్ బ్లీప్ (గుండె ఆగిన కేసులకు మోగేది) ముట్టుకోవద్దు, రోజువారీ టెస్ట్‌తో సహా. మిగతాదానికి ఫోన్ ఇవ్వండి, కానీ అది ఆసుపత్రిది, ఆసుపత్రిలోనే ఉండాలి, షిఫ్టు మారినప్పుడు చేయి మారాలి. నా సొంత ఫోన్‌లో ఆ యాప్ వెయ్యను. చూశాను, వస్తున్నాను, రాలేను అని మూడు బటన్లు ఉండాలి, ఏది నొక్కినా టైముతో రికార్డవ్వాలి. సార్ చెప్పిన కాల్ బుక్ సంతకం అదే.

స్టాఫ్‌నర్స్_నైట్

బటన్లు బాగున్నాయి డాక్టర్‌గారూ. ఏదీ నొక్కకపోతే? ఎన్ని నిమిషాలు చూడాలి, ఆ తర్వాత ఎవరికి చెయ్యాలి? "రెండో పేరు కన్సల్టెంట్‌ది (సీనియర్ డాక్టర్‌ది), రాత్రయినా నర్సు నేరుగా చెయ్యొచ్చు" అని ఆ కాగితంలో రాయించగలరా? మా దగ్గర అయితే అలా చేసిన అమ్మాయి మర్నాడు సూపరింటెండెంట్ గది బయట నిలబడాలి.

రిజిస్ట్రార్_ఉత్తరం

రాస్తాను. కన్సల్టెంట్లు ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేను. బుధవారం మీటింగ్ ఉంది, ఏమన్నారో ఇక్కడే పెడతాను.