తేమగాలిలో ఎండు కమలాపండ్ల తోరణం నిలవాలంటే ఏం చేయాలి?

సాగరతీరం, విశాఖపట్నం

మాది సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న ఇల్లు. కిందటి ఏడాది క్రిస్మస్‌కు ప్లాస్టిక్ అలంకరణలు మానేసి, కమలాపండ్లను చక్రాలుగా తరిగి ఎండబెట్టి, చెట్టుకూ గుమ్మానికీ తోరణాలు కట్టాలని సరదా పడ్డాను. బజారు నుంచి డజను నాగపూర్ కమలాలు తెచ్చి, తరిగి, ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెనులో) 150 డిగ్రీల వద్ద గంటన్నర సేపు ఉంచాను. అంచులు నల్లగా మాడిపోయాయి గాని నడుమ భాగం జిగటగానే ఉండిపోయింది. చాలా చక్రాలలో తొక్క ఒకవైపు, తొనలు మరొకవైపు విడిపోయాయి. కాస్త బాగున్నవాటిని ఏరి, దారానికి గుచ్చి డిసెంబరు 20న కట్టాను. పండుగ నాటికి అవన్నీ మెత్తబడి వేలాడసాగాయి, రెండింటి మీద బూజు కనిపించింది, గుమ్మం పొడవునా చీమలు బారులు తీరాయి. పండును మనుషులకు పెట్టకుండా చీమలకు పెట్టావని మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంటారు.

ఈసారి ముందుగానే మొదలుపెట్టాలని ఉంది. ఎంత వేడి మీద, ఎంతసేపు ఉంచాలో, మన బజారులో దొరికే ఏ పండు ఇందుకు పనికొస్తుందో, మా ఊరి తేమలో కనీసం పది రోజులైనా తోరణం నిలిచే మార్గం ఉందో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? మా పక్కింటివారు సంక్రాంతి బొమ్మల కొలువుకు కూడా ఇవి కావాలని అడిగారు గనుక వీలైతే జనవరి మధ్య వరకు నిలిస్తే మరీ సంతోషం.

డాలస్ వంటిల్లు, టెక్సస్

మీ కమలాలు మాడటానికి 150 డిగ్రీల వేడే కారణమండి. ఇక్కడ చేయవలసింది కాల్చడం కాదు, నీటిని బయటికి పంపడం. చక్రం లోపలి నీరు పైకి చేరి ఆవిరి కావడానికి సమయం పడుతుంది. వేడి ఎక్కువైతే, నడుమ నీరు ఇంకా బయటికి రాకముందే, పలుచగా ఉండే అంచులోని చక్కెర మాడి నల్లబడుతుంది. నేను ఏటా 95 డిగ్రీలకు మించనివ్వను. మీ ఓటీజీలో కనిష్ఠం 100 అయితే అక్కడే ఉంచి, ఒక చెక్క గరిటె అడ్డుపెట్టి తలుపును వేలెడంత తెరిచి ఉంచండి. అలా చేస్తే ఆవిరి లోపలే తిరగకుండా బయటికి పోతుంది.

చక్రాలు అన్నీ ఒకే మందంలో, సుమారు 5 లేదా 6 మిల్లీమీటర్లు ఉండాలి. తరిగిన వెంటనే పొడి గుడ్డతో రెండు వైపులా గట్టిగా అద్దితే పైనున్న రసం పోయి, కనీసం అరగంట కలిసొస్తుంది. పళ్లెంలో కాకుండా తీగల జాలీ మీద పరిచి, గంటకొకసారి తిరగేస్తూ నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచుతాను. వేడిగా ఉన్నప్పుడు కాస్త వంగినా కంగారు పడనక్కరలేదు, చల్లారాక గట్టిపడతాయి. చల్లారిన తరువాత కూడా తొన మధ్యలో వేలు అంటుకుంటే మాత్రం మరో గంట పెట్టవలసిందే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చలికాలంలో మా ఇంట్లో హీటరు నడుస్తుంది గనుక గాలి పొడిగా ఉంటుంది, తోరణం నెల రోజులు చెక్కుచెదరదు. ఇదే పద్ధతిని ఫోనులో చెబితే మా అమ్మ రాజమండ్రిలో చేసింది. నాలుగో రోజుకే మెత్తబడ్డాయట. కాబట్టి ఎండబెట్టడం వరకే నా మాట నమ్మండి, నిలవ సంగతి అక్కడివారే చెప్పాలి.

బత్తాయి తోట, అనంతపురం

పండు ఎంపికలోనే సగం ఇబ్బంది ఉందని నా అభిప్రాయం. నాగపూర్ కమలాకు తొక్క వదులుగా ఉంటుంది, చేత్తో ఒలిస్తే ఇట్టే వచ్చేస్తుంది. తినేవారికి అది సుఖమే గాని, చక్రాలుగా తరిగి ఎండబెట్టేటప్పుడు అదే సుగుణం అవలక్షణం అవుతుంది. తొక్క, తొనలు ఎవరి దారిన అవి ముడుచుకుపోయి విడిపోతాయి. మా బత్తాయికి తొక్క తొనలను గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది గనుక చక్రం చక్రంలాగే ఎండుతుంది. గింజలను మాత్రం కత్తి మొనతో ముందే తీసేయండి. అవి తరువాత రాలి, ఉన్నచోట చిల్లు మిగులుతుంది.

అయితే రంగు విషయంలో ముందే మనసు సిద్ధం చేసుకోండి. నారింజ జాతి పండ్ల తొక్కలోని పచ్చదనం పోయి ఎరుపు పసుపు కలిసిన రంగు రావాలంటే రాత్రుళ్లు బాగా చల్లగా ఉండాలి. మా వైపు అంత చలి ఉండదు గనుక బత్తాయి లోపల తియ్యగా పండినా పైకి పచ్చగానే కనిపిస్తుంది. ఎండితే ముదురు నారింజ రంగు రాదు, తేనె రంగు వస్తుంది. దీపం వెనుక పెట్టి చూస్తే గాజుపలకలా మెరుస్తుంది, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. రంగు తప్పనిసరి అనుకుంటే, కమలాలలోనే తొక్క బిగువుగా ఉన్నవాటిని చేత్తో నొక్కి చూసి ఏరుకోండి.

మేము ఓవెను వాడము. మామిడి ఒరుగులు పెట్టినట్టే మేడ మీద జాలీ మీద పరిచి, పైన పలుచని గుడ్డ కప్పి, మూడు నాలుగు రోజులు ఎండనిస్తాము. సాయంత్రం మంచు దిగకముందే లోపలికి తేవాలి, లేకపోతే పగలు పోయిన తేమంతా రాత్రికి తిరిగి వచ్చేస్తుంది. ఒరుగులను కాపాడే ఉప్పు వీటికి ఉండదన్నది మరవకండి. మీ ఊళ్లో ఎండను మాత్రమే నమ్ముకుంటే ఎండేలోగానే బూజు పడుతుంది. ఒక రోజు ఎండలో ఉంచి, మిగిలిన పని ఓటీజీకి అప్పగిస్తే కరెంటు ఖర్చైనా తగ్గుతుంది.

ఉప్పుగాలి, కాకినాడ

తీరంలో ఉండేవారి బాధ తీరంలో ఉన్నవారికే తెలుస్తుందండి. వానాకాలంలో బెల్లం చెమర్చడం మీరు చూసే ఉంటారు. ఎండిన పండులో మిగిలేది ఎక్కువగా చక్కెరే, ఆ చక్కెర గాలిలోని తేమను తనలోకి లాగుతూనే ఉంటుంది. ఎంత బాగా ఎండబెట్టినా సముద్రపు గాలి తగిలితే అది మళ్లీ మెత్తబడుతుంది. అందువల్ల నేను నవంబరు చివరిలోనే ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి దాచి, పండుగకు రెండు రోజుల ముందు మాత్రమే బయటికి తీస్తాను. మెత్తబడితే 95 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే మళ్లీ గట్టిపడతాయి. సంక్రాంతికి కావాలంటే క్రిస్మస్ కాగానే విప్పి, ఇదే విధంగా ఆరబెట్టి, తిరిగి డబ్బాలో పెట్టేయండి. పది రోజులు ఏకధాటిగా బయట ఉంచడం కన్నా ఇదే నయం.

బయట ఎక్కువ రోజులు ఉంచక తప్పదంటే, వడ్రంగులు వాడే లక్క పాలిష్‌ను కుంచెతో పలుచగా రెండు పూతలు వేయవచ్చు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కనే స్పిరిట్‌లో కరిగించి దీనిని చేస్తారు. తేమను పూర్తిగా ఆపదు గాని బాగా నెమ్మదింపజేస్తుంది, కాస్త తేనె రంగు కూడా తెస్తుంది. లోపల చెమ్మ ఉండగా పూస్తే ఆ చెమ్మ బయటికి పోలేక లోపలే బూజు పడుతుంది, నేను ఒకసారి ఇరవై చక్రాలను అలాగే పారేసుకున్నాను. పూత వేసినవాటిని ఎవరూ నోట పెట్టకుండా, కొవ్వొత్తులకు దూరంగా ఉంచండి.

తోరణంలో రెండు చక్రాలకు ఒక అనాస పువ్వో, వేలెడు దాల్చినచెక్క ముక్కో గుచ్చితే బాగుంటుంది. అవి మెత్తబడవు గనుక పండు కాస్త సడలినా తోరణం ఆకారం చెడదు, వాసన సరేసరి. చీమల కోసం, తోరణం కట్టే మేకుల చుట్టూ పెట్రోలియం జెల్లీ రాయండి. తోరణం గోడకు తగలకుండా వేలాడితేనే ఈ ఉపాయం పనిచేస్తుంది.

సాగరతీరం, విశాఖపట్నం

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆదివారం ఆరు బత్తాయిలు, రెండు కమలాలు కలిపి ప్రయత్నించాను. తలుపు కాస్త తెరిచి 100 డిగ్రీల వద్ద ఐదు గంటలు పట్టింది. కమలాలలో సగానికి పైగా ఈసారి కూడా తొక్క విడిచిపెట్టాయి, బత్తాయిలు మాత్రం ఒక్కటీ చెడలేదు. రంగు నిజంగానే తేనె రంగు, మా అత్తగారు కూడా కిటికీ దగ్గర పెట్టి చూసి ఏమీ అనలేదు. అయితే సూదితో గుచ్చబోతే రెండు పెళుసుగా విరిగాయి. గుచ్చడానికి వేరే పద్ధతి ఏమైనా ఉందా?

ఉప్పుగాలి, కాకినాడ

రంధ్రం ఎండబెట్టక ముందే చేయాలండి. తొక్కకు ఆనుకొని, తొనలోపల, అగ్గిపుల్లతో గుచ్చి వదిలేయండి. ఎండే కొద్దీ రంధ్రం కొంత ముడుచుకుంటుంది గనుక దారం కన్నా రెండింతలు వెడల్పుగా ఉండాలి. ఇప్పటికే ఎండినవాటిని డబ్బాలో నుంచి తీసి ఒక రాత్రి బయట ఉంచితే, మీ ఊరి గాలికి అవే మెత్తబడతాయి. అప్పుడు గుచ్చి, తరువాత తోరణంతో సహా అరగంట ఆరబెట్టుకోండి.