అప్‌డేట్: మద్యం మానిన తమ్ముడు, పాత స్నేహితులు

మద్యం మానిన మా తమ్ముణ్ణి పాత స్నేహితులందరికీ దూరం చేయాలా అని విజయనగరం నుంచి నేను అడిగిన ప్రశ్నకు బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించినట్లు అందరినీ ఒకే గాటన కట్టకుండా, సాయంత్రం కాగానే సీసా చుట్టూ చేరే బృందాన్ని మాత్రమే అతడు వదులుకున్నాడు. ఆ మనుషులూ ఆ చోటూ కంటబడినా తాగాలన్న కోరిక మళ్లీ రేగవచ్చని వైద్యుడూ హెచ్చరించారు.

అసలు కష్టం ఖాళీ అయిన సాయంత్రాలతో వచ్చింది. మేము తోడుంటే అతడికి కాపలాలాగే తోచేది (నిజానికి కాపలాయే). 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితుల కలయికతో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడ్పడే సంఘం) సమావేశాలకు వెళ్లసాగాక, అర్ధరాత్రి కోరిక కలిగినా ఫోన్ చేయగల పెద్దాయన ఒకరు దొరికారు. పైడితల్లి సిరిమానోత్సవం నాడు పాత బృందం పిలిచినప్పుడు, చిన్ననాటి స్నేహితుడొకడు తానూ తాగకుండా రోజంతా వెంట ఉన్నాడు. ఆ బృందంలోని ఒకడు మానేస్తానంటూ తమ్ముడి సాయం కోరితే, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఇమ్మన్నాను, ఒంటరిగా మాత్రం కలవవద్దన్నాను.