ఈ వారం సమస్య: నిద్రపోవువాఁడె నేర్చుఁ జదువు

నిర్వాహకుడు:
మొన్న శ్రీకాకుళంలో విజయనగరం బస్సెక్కాను. పక్క సీట్లో ఒక కుర్రాడు నోట్సు తెరిచి మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు. కండక్టర్ లేపి టికెట్ కొడుతూ "చదువంతా లోపలికి దిగిందా బాబూ?" అన్నాడు. కుర్రాడు నవ్వాడు. నోట్సు మళ్లీ మొహం మీదకే వెళ్లింది. రణస్థలం దాటేలోపు ఈ పాదం దొరికింది:

నిద్రపోవువాఁడె నేర్చుఁ జదువు

దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. ఆదివారం రాత్రి దాకా గడువు. పోయినసారిలా పూరణలు మూడు, తగాదాలు ముప్పై కాకుండా చూడండి.

జీడిపప్పు:
కందంలో రాయొచ్చా?

నిర్వాహకుడు:
పాదం చూసి కూడానా? అది ఆటవెలది.

జీడిపప్పు:
సరే, చూడలేదనుకోండి.

కోటగుమ్మం:
పాదం చూడగానే సుభాషితం గుర్తుకొచ్చింది. విద్యార్థికి చెప్పిన ఐదు లక్షణాలూ మూడు పాదాల్లో సర్దాను.

కాకి చేష్ట, కొంగ గావించు ధ్యానమ్ము,
అల్పమైన తిండి, యవల బసయు
వెలసె గురుతు లైదు విద్యార్థికిని, శ్వాన
నిద్రపోవువాఁడె నేర్చుఁ జదువు

నాగావళి:
లెక్కపెట్టాను మాస్టారూ. కాకి, కొంగ, తిండి, బస, కుక్క. ఐదూ ఉన్నాయి, ఒక్కటి కూడా జారలేదు. "శ్వాన"ను పై పాదం చివర వేలాడదీసి కిందికి దింపడం ముచ్చటగా ఉంది. కానీ "యవల బసయు" ఏమిటండీ, లాడ్జి బోర్డులా? పైగా ఈ పాదం చూస్తే ఎవరికైనా మొదట తట్టేది కుక్కనిద్రే.

కోటగుమ్మం:
తట్టడం వేరు, పద్యంలో కూర్చోబెట్టడం వేరు. మొదట తట్టిందే రాయకూడదంటే, మీరు రాసినట్టు రథసప్తమి నాడు అరసవల్లి స్వామి పాదాల మీద కిరణాలు పడ్డాయని కూడా రాయకూడదు.

నాగావళి:
వచ్చేసింది! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను.

ఎచ్చెర్ల కుర్రాడు:
నమస్కారం అండీ. ఆ బస్సులో పడుకున్నది నేను కాదు, ముందే చెప్తున్నాను. మా హాస్టల్ గదిలో ఒకడున్నాడు, సెమిస్టర్ అంతా పడుకుంటాడు, మార్కులు మాత్రం నాకంటే ఎక్కువ. వాడి మీద రాద్దామనుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తే ఇక సమస్య ఏముంది? నిన్న రాత్రి వాడు గురక పెడుతుంటే, నా నిద్ర పోయింది కదా అనుకున్నాను. అక్కడ దొరికింది.

ఇంటి బువ్వ మరచి యెచ్చెర్లలో నుండి
బల్ల మీఁద నుంచి పాఠ మెల్ల
రాత్రి చదువ నెవని రెప్పపైఁ గూర్చున్న
నిద్ర పోవు, వాఁడె నేర్చుఁ జదువు

నాగావళి:
అబ్బ! గుంటడు కొట్టాడండీ! "నిద్రపోవు"ను రెండు ముక్కలు చేసి నిద్రనే పంపించేశాడు. రెప్ప మీద కూర్చున్న నిద్ర లేచి వెళ్లిపోతుంది, అది ఎవడికి పోతుందో వాడికి చదువొస్తుంది. ఒక్క కామాతో పాదం అర్థం తిరగబడింది. ఈ వారానికి నా ఓటు దీనికే. కుక్కలూ కొంగలూ తర్వాత.

కోటగుమ్మం:
మూడో పాదం. యతికి పాదం మొదటి అక్షరమూ నాలుగో గణం మొదటి అక్షరమూ అచ్చుతో సహా కలవాలి. రా ఎక్కడ, రె ఎక్కడ?

ఎచ్చెర్ల కుర్రాడు:
అయ్యో! నిజమే మాస్టారూ. సోమవారం పరీక్ష ఉంది, ఆ టెన్షన్‌లో చూసుకోలేదు. మొదటి రెండు పాదాలకు యతి వాటంతట అవే పడ్డాయి, మూడోదానికీ పడిపోయిందనుకున్నాను.

కోటగుమ్మం:
"రాత్రి" తీసి "రేయి" పెట్టు. రేయి చదువ నెవని రెప్పపైఁ గూర్చున్న. గణమూ అదే, అర్థమూ అదే. "ఇంటి బువ్వ"కు "యెచ్చెర్ల" కలిపినవాడివి, రెప్ప దగ్గర రెప్ప వాల్చావు.

నాగావళి:
మందు ఇచ్చారు, సంతోషం. కానీ ముందు ఒక్క "భేష్" అని ఉంటే సొమ్మేం పోయేది?

కోటగుమ్మం:
యతి కుదిరాక అంటాను. ఇప్పుడు కుదిరింది. భేష్.

ఎచ్చెర్ల కుర్రాడు:
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. ఒక సందేహం అండీ. "నేర్చుఁ జదువు" అని ఎందుకు? "నేర్చు చదువు" అంటే గణాలు మారవు కదా. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే. 1863 నుంచి ఇప్పటికి మనం ఆ మాత్రం సడలించుకోలేమా?

కోటగుమ్మం:
నేర్చును, ద్రుతాంతం, అంటే చివర ను ఉన్న మాట. దాని మీద చ వస్తే జ అవుతుంది, అరసున్న మిగులుతుంది. గిడుగు వారు చెప్పింది వచనం గురించి. వాడుక మాటల్లో కవిత్వం చెప్పిన గురజాడ మా విజయనగరంలోనే ఉండేవారు, ఆయన ముత్యాలసరానికీ మూడూ నాలుగూ అని మాత్రల లెక్క ఉంది. సడలించుకున్నవాళ్లకు కూడా లెక్క తప్పలేదు నాయనా.

బొబ్బిలి వీణ:
మీరంతా చదివేవాడి వైపు నుంచి రాశారు. నేను వాడి అమ్మ వైపు నుంచి. చివరి పాదం వెటకారంగా, కాస్త సాగదీసి చదవాలి.

ఫోను చేతఁ బట్టి పొద్దున దాఁకను
రీలు చూచి చూచి రెప్ప వాల్చి
పాఠ మేల యనుచుఁ బడక దిగఁడు చూడు!
నిద్రపోవువాఁడె నేర్చుఁ జదువు?

ఎచ్చెర్ల కుర్రాడు:
మా అమ్మ మీకు ఫోన్ చేసిందా అండీ?

కోటగుమ్మం:
కాకువు, అర్థం తిప్పేసే ఆ గొంతు విరుపు, బాగా పండిందమ్మా. కానీ ఫోను, రీలు... ఆటవెలదికి ఇంత అవస్థా?

బొబ్బిలి వీణ:
మీ ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయనైతే దీన్ని కూడా అచ్చ తెలుగులో చెప్పేవారు, ఒప్పుకుంటాను. నేను ఫోనుకు అచ్చ తెలుగు వెతికేలోపు మావాడు ఇంకో పది రీలు చూసేస్తాడు మాస్టారూ.

నాగావళి:
నాది ఆలస్యంగా వస్తోంది, రైలు పద్యం కదా. చదువుకునే రోజుల్లో విజయనగరం నుంచి పలాస ప్యాసింజర్ ఎక్కి, మా స్టేషన్ దాటిపోయేదాకా పడుకున్న అనుభవం. శ్రీకాకుళానికి దిగాల్సిన స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉందని అందరికీ తెలుసు. ఆ రోజు నాకు ఇంకాస్త బాగా తెలిసింది.

ఆమదాలవలస యనుచుఁ గేకలు వేయ
కలల నుండి యతఁడు కదలఁ డయ్యె
జీడి తోఁటఁ జూచి జేబు చూచెను, రైల
నిద్రపోవువాఁడె నేర్చుఁ జదువు

జీడిపప్పు:
మా ఊరి పేరు చెప్పకుండా ఊరు చూపించారు. చాలా సంతోషం.

నాగావళి:
చెబుదామనే చూశాను తమ్ముడూ. పలాస అంటే లఘువు, గురువు, లఘువు. ఆటవెలదిలో ఎక్కడ కూర్చోబెట్టను?

కోటగుమ్మం:
"మా పలాస" అంటే గురువు లఘువు, గురువు లఘువు, రెండు హగణాలు. కూర్చునేది.

జీడిపప్పు:
చూశారా, మా ఊరికి చోటుంది.

కోటగుమ్మం:
అది పోనివ్వండి. "జేబు చూచెను" బాగుంది. చదువంటే పుస్తకం కాదని అక్కడే తేలిపోయింది, తిరుగు ఛార్జీ పాఠం. కానీ "రైల" ఏ విభక్తి నాగావళి గారూ? రైలున, రైలులో, రైలునందు. "రైల" నేనెక్కడా చూడలేదు.

నాగావళి:
ఊరు, ఊర. కాలు, కాల. "కాలఁ దన్నె" అంటే మీరు ఊరుకుంటారు. రైలుకు కాలుకున్న మర్యాద లేదా?

కోటగుమ్మం:
కాలు మనది, రైలు ఇంగ్లీషు వాళ్లది. వచ్చిన మాటకు ఔపవిభక్తికం, అంటే ఊర, కాల లాంటి మార్పు, తగిలించడం సాహసం.

ఎచ్చెర్ల కుర్రాడు:
నాకు "రైల" నచ్చింది అండీ. చదువుతుంటే ఆ "రైల" దగ్గర ఆగి, కింది పాదంలోకి తూలినట్టుంది. నిజంగా నిద్రలో తూలినట్టు.

నాగావళి:
చూశారా? పిల్లలకు అర్థమైంది.

కోటగుమ్మం:
పిల్లలు రా కీ రె కీ కూడా యతి వేశారు.

బొబ్బిలి వీణ:
మాస్టారూ! కుర్రాడు దిద్దుకున్నాడు కదండీ.

నాగావళి:
యతి గురించి మాస్టారితో ఎవరూ వాదించలేరమ్మా. పోయిన పండగప్పటి సమస్యకు ఆయన పాదం ఇంకా నోట్లోనే ఉంది: "సోమవారమునను జూచితి సిరిమాను". సో కి జూ, యతి అమోఘం. గణాలు అద్దంలా ఉన్నాయి. పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగేది మాత్రం మంగళవారం.

కోటగుమ్మం:
నేను "చూచితి" అన్నాను, "తిరిగె" అనలేదు. సోమవారం మానును చూశాను. మాను ముందు రోజు ఎక్కడికి పోతుంది?

నాగావళి:
ఈ సమర్థన అప్పుడు చెప్పలేదే! ఇన్నాళ్లు కూర్చుని తయారు చేశారా?

కోటగుమ్మం:
కిరణాలు మార్చిలోనూ అక్టోబరులోనూ పాదాలు తాకుతుంటే రథసప్తమికి లాక్కెళ్లినవారికి నేను సమర్థన చెప్పుకోవాలా? నా తప్పు ఒక్క రోజు. మీది వారాల లెక్క.

జీడిపప్పు:
కందంలో ఒకటి మొదలెట్టాను, రెండు పాదాలయ్యాయి...

నిర్వాహకుడు:
జీడిపప్పు గారూ, వద్దు. సిరిమాను, కిరణాలు, రైలు విభక్తి, ఈ మూడింటి మీద ఇక్కడితో ఆపండి. కుర్రాడి పద్యం "రేయి" సవరణతో ఈ వారం పైన పెడుతున్నాను. రెండోది వీణ గారి వెటకారం. మాస్టారిదీ నాగావళి గారిదీ ఏది మూడోది అని నన్నడగొద్దు, నాకు ఇద్దరి ఊళ్లలోనూ చుట్టాలున్నారు.

పై గొడవ చదువుతుంటేనే వచ్చే వారం పాదం దొరికింది:

అరసవల్లి దేవుఁ డద్ద మడిగె

నాగావళి:
ఇది నాకే వేశారు కదండీ?

కోటగుమ్మం:
ఏ నెలలో అడిగాడో ముందు తేల్చుకుని మొదలుపెట్టండి.

ఎచ్చెర్ల కుర్రాడు:
ఎల్లుండి పరీక్ష పెట్టుకుని ఇప్పుడా అండీ ఈ పాదం! పుస్తకం తెరిస్తే ప్రతి లైనూ ఐదు గణాలుగా విడిపోతోంది.